ఆకునుండి ఔషధము : పసిపిల్లల రక్తపు కాన్సరు చికిత్సా చరిత్ర

పసిబిడ్డకు ఒంట్లో బాగులేనిచో ఇంటిల్లిపాదికిని కంటికి కునుకు రాదు. జ్వరమనగానే దిష్టి తీయుదురు, కషాయము కాచి పోయుదురు, వైద్యునికొఱకు పరుగిడుదురు. చాల జ్వరములు నాలుగు దినములలో తగ్గిపోవును. కాని తగ్గనివియు కలవు. బిడ్డ నానాటికి పాలిపోవును. తోడిపిల్లలతో ఆటకు పోక ఒక మూల కూర్చుండును. జ్వరము విడిచి విడిచి వచ్చుచుండును. చిగుళ్ళనుండి నెత్తురు కారును. దెబ్బ తగులకయే చర్మముపై నీలిమచ్చలు లేచును. మెడప్రక్కలను, చంకలలోను బిళ్ళలు కట్టును. ఎముకలు నొప్పియని బిడ్డ రాత్రులందు ఏడ్చును. ఇట్టి లక్షణములు గల వ్యాధులలో ఒకటి ల్యుకేమియా, అనగా రక్తపు కాన్సరు.

1947వ సంవత్సరమునకు పూర్వము తీవ్రమైన ల్యుకేమియా కలిగిన బిడ్డ కొన్ని వారములలోనో, కొన్ని మాసములలోనో మరణించుట నిశ్చయము. ప్రపంచములో ఎంత గొప్ప వైద్యుడైనను చేయగలిగినది లేదు. నేడు మంచి వైద్యసౌకర్యములు గల దేశములలో, పిల్లలకు తఱచుగా వచ్చు రకపు ల్యుకేమియా కలిగిన పదిమంది బిడ్డలలో సుమారు తొమ్మిదిమంది బ్రదికి పెద్దవారగుచున్నారు. ఈ మార్పు ఒక్కనాటిలో వచ్చినది కాదు, ఒక్కరివలన వచ్చినదియు కాదు. ఇందు భీమవరమున పుట్టిన ఒక తెలుగువాని చేయి కలదు. మద్రాసు, బొంబాయి ఆస్పత్రులలో పాలిపోయి పడియున్న గర్భిణీ స్త్రీల భాగము కలదు. బోస్టను నగరములో తాము బ్రదుకకయే తక్కినవారికి బ్రదుకు త్రోవ చూపిన పసిబిడ్డల భాగము అన్నిటికంటె ఎక్కువగా కలదు.

వ్యాధి స్వరూపము

ఎముకల లోపలనుండు మూలుగ నెత్తురునకు పుట్టినిల్లు. అందు ఎఱ్ఱకణములును, తెల్లకణములును, నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు సూక్ష్మఫలకములును నిరంతరము పుట్టుచుండును. ల్యుకేమియాలో పక్వముకాని తెల్లకణములు హద్దుమీఱి పెరుగును. పొలములో కలుపు పైరును మ్రింగినట్లు ఇవి తక్కిన కణములకు చోటు లేకుండ చేయును. ఎఱ్ఱకణములు తగ్గుటచే బిడ్డ పాలిపోవును. సూక్ష్మఫలకములు తగ్గుటచే నెత్తురు కారును. మంచి తెల్లకణములు లేకపోవుటచే చిన్న రోగము కూడ ప్రాణము మీదికి తెచ్చును.

1845లో స్కాట్లండునందు బెన్నెట్టు అను వైద్యుడును, జర్మనీయందు విర్హో అను వైద్యుడును ఈ వ్యాధిని విడివిడిగా వర్ణించిరి. 1847లో విర్హో దీనికి ల్యుకేమియా అని పేరిడెను. గ్రీకు భాషలో తెల్లని నెత్తురు అని దీని అర్థము. పేరు పెట్టిన పిమ్మట నూఱేండ్లు గడచినను పసిపిల్లలను రక్షించు మందుమాత్రము దొరకలేదు. ఆ మందునకు మొదటి ఆనవాలు ల్యుకేమియాను పరిశోధించినవారికి గాక, వేఱొక వ్యాధిని పరిశోధించినవారికి దొరకినది. అదియు మన దేశముననే.

గర్భిణీ స్త్రీల రక్తహీనత

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అక్కడ బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలు గర్భవతులుగా నున్నప్పుడు తీవ్రమైన రక్తహీనత పాలై మరణించుచుండిరి. దీని కారణము కనుగొనుటయే ఆమె పని. ఆమె బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థలోను, నీలగిరులలోని కూనూరులోను, మద్రాసులో నాడు గోషా ఆస్పత్రియని పేరొందిన స్త్రీల ఆస్పత్రిలోను పరిశోధనలు సాగించెను. ఏదో క్రిమివలన ఈ వ్యాధి వచ్చునేమోయని మొదట వెదకిరి. క్రిమి కనబడలేదు. ఆమె ఆ స్త్రీల భోజనము వైపు దృష్టి మరల్చెను. కాయగూరలు, పండ్లు తక్కువగా తినువారియందు ఈ వ్యాధి ఎక్కువగా కనబడెను.

బీరు కాచునప్పుడు మిగులు యీస్టునుండి తీయబడు మార్మైటు అను చౌకపదార్థమును ఆమె రోగులకు తినిపించి చూచెను. మంచము పట్టినవారికి నెత్తురు పట్టెను. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. మార్మైటులోను, కాలేయములోను నెత్తురును పుట్టించు ఒక పదార్థము కలదని తేలినది గాని, అది ఎట్టిదో ఎవరికిని తెలియలేదు. పదేండ్లపాటు దానిని విల్స్ పదార్థమనియే పిలుచుచుండిరి.

1941లో అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమున కొందఱు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక పదార్థమును అత్యల్పముగా వేఱుచేసిరి. లాటిను భాషలో ఫోలియం అనగా ఆకు. ఆకునుండి వచ్చినది కనుక దానికి ఫోలిక్ ఆమ్లము అని పేరిడిరి. విల్స్ వెదకిన పదార్థమును ఇదియే. నాలుగు టన్నుల ఆకు ఉడికించినను చిటికెడు దొరకని వస్తువు రోగులకు పంచుటకెట్లు చాలును? దానిని ప్రయోగశాలలోనే తయారు చేయవలసియుండెను. ఆ కార్యమునకు పూనుకొన్నవారిలో యల్లాప్రగడ సుబ్బారావుగారు ముఖ్యులు.

భీమవరమునుండి బోస్టనునకు

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమునుండియు ఆయనను పేదరికమును, రోగములును వెన్నాడెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. ఆయన సోదరులిద్దఱు స్ప్రూ అను వ్యాధిచే కొద్ది దినముల ఎడములో మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక, విరేచనములై, మనుష్యుడు ఎండిపోవు ఈ వ్యాధి గ్రహణివంటిది. సుబ్బారావుగారికి కూడ అది సోకెను. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన బ్రదికి బయటపడిరి. తోబుట్టువులను మ్రింగిన వ్యాధికి మందు కనుగొనవలెనను తపన ఆయనను వీడలేదు.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచున్నప్పుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఆయన శస్త్రచికిత్సకు ఖద్దరు అంగీతో పోయిరి. ఆంగ్ల ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. వ్రాతపరీక్షలలో బాగుగా ఉత్తీర్ణులైనను ఆయనకు పూర్తి పట్టము దక్కక, తక్కువ తరగతి యోగ్యతాపత్రము మాత్రమే దక్కెను. ప్రభుత్వోద్యోగము దొరకలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపిరి. తుదకు మామగారి ధనసహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన సహాయముతోను అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. పొట్టకూటికై ఆస్పత్రిలో చిన్న పనులు చేయుచు చదివిరి. తిరిగి స్వదేశమునకు వచ్చుట ఆయనకు ప్రాప్తింపలేదు.

హార్వర్డులో ఫిస్కి అను ఆచార్యునితో కలసి నెత్తురులోని ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అది నేటికిని ఫిస్కి-సుబ్బారావు పద్ధతియని పేరొందియున్నది. కండరములు పనిచేయుటకు శక్తినిచ్చు పదార్థములపై వారు చేసిన కృషి శాస్త్రలోకమున శాశ్వతముగా నిలిచినది. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధనలకు నాయకత్వము వహించిరి. అచ్చటి శాస్త్రజ్ఞుల బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి చూపెను. స్ప్రూ రోగులకు ఆ మందు మేలుచేసెను. తోబుట్టువుల మరణమునకు ఆయన చెల్లింపదలచిన బదులు ఇట్లు చెల్లినది. కాని ఆ మందు కథ అంతటితో ముగియలేదు.

కీడునుండి పుట్టిన మేలు

బోస్టను నగరములోని పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. శవపరీక్షలు చేసి మరణకారణములను నిర్ణయించుట ఆయన పని. ల్యుకేమియాచే మరణించిన ఎందఱో పిల్లల దేహములను ఆయన పరీక్షించియుండెను. మృతులనుగూర్చి ఎంత తెలిసికొన్నను బ్రదికియున్నవారికి ఏమియు చేయలేకపోవుట ఆయనను బాధించెను. ఫోలిక్ ఆమ్లము రక్తహీనులకు మంచి నెత్తురు పట్టించునని తెలిసినది గదా, చెడిన నెత్తురును కూడ దారికి తెచ్చునేమోయని ఆలోచించి, లెడర్లీనుండి తెప్పించిన ఫోలిక్ ఆమ్లజాతి పదార్థములను కొందఱు పిల్లలకు ఇచ్చెను.

ఫలితము విపరీతమయ్యెను. పిల్లల మూలుగను పరీక్షింపగా, వ్యాధి తగ్గుటకు మాఱు వేగము పుంజుకొన్నట్లు ఆయనకు కనబడెను. ఎరువు పైరునకు బదులు కలుపునకు పట్టినట్లయ్యెను. మేలు తలపెట్టగా కీడు కలిగినది. ఇట్టి సమయమున మనుష్యునికి రెండు మార్గములు కలవు. జరిగినదానిని మఱుగుపఱచి మిన్నకుండుట యొకటి. ఉన్నదున్నట్లు వ్రాసి, అట్లేల జరిగెనని ప్రశ్నించుకొనుట రెండవది. ఫార్బరు రెండవ మార్గము త్రొక్కెను. ఈ వ్యాధికణములకు ఫోలిక్ ఆమ్లము ఆహారమైనచో, ఆ ఆహారము వానికి అందకుండ చేసినయెడల అవి మాడి చావవలెను గదా! ఈ తర్కమే శిశుకాన్సరు చికిత్సకు పునాది.

ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన పదార్థములు ఆ సమయమున సుబ్బారావుగారి ప్రయోగశాలలోనే తయారగుచుండెను. చూచుటకు ఫోలిక్ ఆమ్లమువలెనే యుండి, ఒక్క చిన్న భాగములో మాత్రమే భేదించు పదార్థములవి. తాళములో దూరునుగాని తిరుగని దొంగచెవివంటివి. కణము వీనిని ఫోలిక్ ఆమ్లమనియే భ్రమించి గ్రహించును. పిమ్మట అసలు చెవి పట్టుటకు చోటుండదు. కణము విభజన నొందలేక నశించును. డోరిస్ సీగర్ అను రసాయన శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును తయారుచేసిన అట్టి పదార్థమునకు అమినాప్టెరిన్ అని పేరు.

1947 డిసెంబరు చివరి దినములలో మరణావస్థలోనున్న రెండేండ్ల బాలునకు ఫార్బరు అమినాప్టెరిన్ ఇచ్చెను. కొద్ది వారములలో హద్దుమీఱిన తెల్లకణములు తగ్గెను. నడువలేని బాలుడు నడిచెను. తల్లి మొగము చూచి నవ్వెను. 1948 జూనులో ఫార్బరు ఒక వైద్యపత్రికలో తన అనుభవమును ప్రకటించెను. అమినాప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి మేలు కనబడినది. అయితే ఆ వ్యాసము పేరులోనే ఈ ఉపశమనము తాత్కాలికమని స్పష్టముగా వ్రాసియుండెను. అది నిజమే. కొన్ని మాసములకు వ్యాధి తిరుగబెట్టెను. ఆ రెండేండ్ల బాలుడును 1948లోనే మరణించెను.

ఒక ధర్మసందేహము

ఆస్పత్రిలోని తోడి వైద్యులలో చాలమంది ఫార్బరును మెచ్చలేదు. ఎట్లును దక్కని బిడ్డలను సూదులతో, విషమువంటి మందులతో ఏల హింసింపవలెను? వారిని ప్రశాంతముగా పోనిండని వారి వాదము. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఆ మందుచే నోట పుండ్లు లేచెను, వాంతులయ్యెను. బిడ్డ తన బాధను తాను చెప్పుకొనలేడు. తనపై జరుగు ప్రయోగమునకు తానై ఒప్పుకొనలేడు. మఱియొకవైపు, ఎవరును ప్రయత్నింపకపోయినచో అటుపై వ్యాధిగ్రస్తులగు లక్షలాది బిడ్డలకు ఎన్నటికిని విముక్తి లేదు.

ఈ సందేహము నేటికిని తీరినది కాదు, తీరకుండుటయే మంచిది. దానినుండియే కట్టుబాట్లు పుట్టినవి. యుద్ధకాలములో నాజీ వైద్యులు బందీలపై చేసిన దారుణములు వెల్లడియైన పిమ్మట, 1947లో న్యూరెంబర్గు నియమములును, 1964లో హెల్సింకి ప్రకటనయు వెలసినవి. మన దేశమున భారత వైద్యపరిశోధనా మండలి 2017లో పిల్లలపై జరుపు పరిశోధనలకు ప్రత్యేకముగా నియమావళిని ప్రకటించెను. దాని ప్రకారము తలిదండ్రుల అనుమతియే చాలదు. ఏడేండ్లు నిండిన బిడ్డకు అర్థమగునట్లు చెప్పి బిడ్డ సమ్మతిని కూడ పొందవలెను. బిడ్డ వలదన్నచో ఆ మాటకు విలువ కలదు.

చిన్న నాణెముల పెద్ద నిధి

1948 ఆగస్టులో, ఫార్బరు వ్యాసము వెలువడిన రెండు నెలలకు, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. తాము నాటిన మొక్క ఫలించుట ఆయన చూడలేదు.

ఆ సంవత్సరముననే బోస్టనులో మఱియొక విశేషము జరిగెను. ఫార్బరు చికిత్సలోనున్న పండ్రెండేండ్ల బాలునితో రేడియోలో మాటలాడించిరి. అసలు పేరు దాచి జిమ్మీ అని మారుపేరు పెట్టిరి. ఆ బాలునికి బేసుబాలు ఆటయనిన ప్రాణము. ఆ ఊరి జట్టులోని ఆటగాండ్రు ఆస్పత్రి గదిలోనికి వచ్చి మంచముచుట్టు నిలిచిరి. రేడియో విన్నవారు జేబులలోని చిల్లర పంపిరి. చిన్నపిల్లలు దాచుకొన్న నాణెములు పంపిరి. ఆ ఒక్క సంవత్సరములో రెండు లక్షల డాలర్లకు మించి ధనము చేరెను. ఆ నిధితో పిల్లల కాన్సరు పరిశోధనాలయము పెరిగినది. జిమ్మీ మరణించియుండునని లోకము తలచియుండగా, 50 ఏండ్లకు, 1998లో, తాతయైన జిమ్మీ లోకమునకు కనబడెను. ఇంటింటికి తిరిగి అణాలు, బేడలు పోగుచేసి గ్రంథాలయములు నిలిపిన గ్రామస్థులకు ఈ చిన్న నాణెముల బలము తెలియనిది కాదు.

తాత్కాలికమునుండి శాశ్వతమునకు

అమినాప్టెరిన్ స్థానమున దానికంటె నెమ్మదియైన మెథోట్రెక్సేట్ వాడుకలోనికి వచ్చెను. అదియు లెడర్లీలో పుట్టిన అన్నదమ్మువంటి మందే. 1950 దశకమున గెర్‌ట్రూడ్ ఇలియాన్, జార్జి హిచింగ్సు అనువారు మెర్కాప్టోప్యూరిన్ అను మందును కనుగొనిరి. వారికి 1988లో నోబెల్ బహుమానము లభించెను. 1960 దశకమున వింక్రిస్టిన్ వచ్చెను. ఈ మందు మన ఊళ్ళలో పెరటిగోడల ప్రక్కను, గుడి ఆవరణలలోను పూయు బిళ్ళగన్నేరు మొక్కనుండి తీయబడునది. మఱల ఆకే ఔషధమైనది. అయితే ఆ ఆకును నూఱి త్రాగుట విషము త్రాగుటయే యగును. ఒక టన్ను ఎండుటాకును శోధించినను కొలది గ్రాములైనను రాని మందది. దాని మోతాదు వైద్యుని చేతిలోనే యుండవలెను.

ఒక్కొక్క మందు ఒంటరిగా ఓడిపోవుచుండెను. అన్నిటిని కలిపి ఒక్కసారిగా ప్రయోగింపవలెనని అమెరికా జాతీయ కాన్సరు సంస్థలోని ఫ్రై, ఫ్రైరైక్ అను వైద్యులు 1960 దశకపు తొలి సంవత్సరములలో నిశ్చయించిరి. నెత్తురులో వ్యాధి పూర్తిగా మాయమయ్యెను. కాని కొందఱు పిల్లలలో అది మెదడు పొరలలో దాగి తిరిగి వచ్చెను. మందులు అచ్చటికి చేరుటలేదు. మెంఫిస్ నగరములోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రిలో డోనాల్డు పింకెల్ అను వైద్యుడు మెదడునకు కిరణచికిత్సయు, వెన్నునీటిలోనికి మందు సూదియు చేర్చి, రెండు మూడేండ్లపాటు విడువక చికిత్స చేసెను. 1967లో ప్రారంభమైన ఆ ప్రయత్నమున సుమారు సగముమంది పిల్లలు శాశ్వతముగా స్వస్థులైరి. పిమ్మట ఆ కిరణములు పిల్లల ఎదుగుదలకును, బుద్ధికిని కీడు చేయుచున్నవని తేలగా, వానిని చాలవఱకు మానిపించి వెన్నునీటి మందుతోనే సరిపెట్టిరి. ఇచ్చటను కీడును ఒప్పుకొని సరిదిద్దుటయే మేలునకు మార్గమైనది.

ఫోలిక్ ఆమ్లపు రెండవ ముఖము

విరోధి ఔషధమైనంతనే అసలు విటమిను మఱుగుపడలేదు. గర్భములోని శిశువునకు వెన్నెముక, మెదడు ఏర్పడునది మొదటి నెలలోనే; చాలమంది తల్లులకు అప్పటికి తాము గర్భవతులమని కూడ తెలియదు. ఆ సమయమున ఫోలిక్ ఆమ్లము తక్కువైనచో వెన్ను పూడని బిడ్డ పుట్టవచ్చును. ఏడు దేశములలో, పూర్వము అట్టి బిడ్డను కనిన స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితములు 1991లో వెలువడినవి. గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొనినవారిలో ఈ అంగవైకల్యము 72 శాతము తగ్గెను. నేడు గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలు గర్భిణులకును, ఎదుగు బాలికలకును ఇచ్చు ఇనుము మాత్రలో కలిసియున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. రంగు చూచి, వాసన చూచి ఆ మాత్రను గోడవతల పారవేయు తల్లులు, దాని వెనుక లూసీ విల్స్ శ్రమయు, సుబ్బారావుగారి దీక్షయు కలవని తెలిసికొనిన యెడల అట్లు చేయరు.

తెలిసికొనవలసినది

సుబ్బారావుగారి శతజయంతి సందర్భమున 1995లో భారత తపాలాశాఖ ఆయన పేర ఒక బిళ్ళను విడుదల చేసెను. అది తగిన గౌరవమే. కాని ఆయన చేసిన పనికి నిజమైన గౌరవము గ్రామములలోని బిడ్డలకు దాని ఫలము అందినప్పుడే కలుగును. నేడు ఈ వ్యాధితో బిడ్డ మరణించుటకు మందు లేకపోవుట ఒక్కటే కారణము కాదు. వ్యాధిని ఆలస్యముగా గుర్తించుట యొకటి. కాన్సరనగానే ఆశ వదలుకొనుట యొకటి. బిడ్డ కోలుకొని ఆడుకొనుచుండగా, ఇక నయమైనదని తలచియో, ప్రయాణపు ఖర్చునకు జంకియో, చికిత్సను నడుమ మానిపించుట మఱియొకటి. కనబడని కణములు మిగిలియుండునని, అందువలననే రెండు మూడేండ్లు మందు సాగవలెనని ఆనాటి పిల్లల మరణములు నేర్పిన పాఠము. ఆ పాఠమును వారు ప్రాణములిచ్చి నేర్పిరి.

పాలిపోయి, చిగుళ్ళ నెత్తురుతో, తగ్గని జ్వరముతోనున్న బిడ్డను చూచినప్పుడు, వెంటనే పెద్దాస్పత్రికి కొనిపోయి నెత్తురు పరీక్ష చేయింపుడని పొరుగువారికి చెప్పగలవాడు గ్రామమున ఒక్కడున్నను చాలును. అతడు వైద్యుడు కానక్కరలేదు, చదివినవాడైన చాలును. అట్టివారిని తయారుచేయుటకే గ్రంథాలయములు వెలసినవి.